తెలుగు వికీపీడియాలో రాస్తున్నారా? కాపీరైట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా వికీలోకి వచ్చినవాళ్లు రచ్చబండలో (వికీలో అందరూ మాట్లాడుకునే పేజీ), చర్చ పేజీల్లో, వర్క్‌షాపుల్లో మళ్లీ మళ్లీ అడిగేవి ఇవే, అందుకని ఒక్కచోట రాసి పెడుతున్నా. ఇష్టంగా కూర్చుని రాసిన పేజీని కాపీరైట్ కారణంతో తీసేస్తే చాలామంది మళ్లీ ఇటువైపు రారు, అసలే తెలుగులో రాసే వాలంటీర్లు తక్కువ, వాళ్లని ఇలా పోగొట్టుకోవడం చాలా బాధగా ఉంటుంది. అలాగని తెలుగు రచయితల కష్టాన్ని అడక్కుండా తెచ్చి పెట్టేసుకోవడం కూడా న్యాయం కాదు, వాళ్లకి పుస్తకాల మీద వచ్చేదే అంతంతమాత్రం. ఎక్కువగా ఇండియా చట్టం, అంటే 1957 కాపీరైట్ చట్టం ప్రకారమే చెప్తున్నా, అమెరికా చట్టం అడ్డొచ్చే చోట విడిగా చెప్పా.

పేపర్లో వచ్చిన ఆర్టికల్ కాపీ చేసి కింద సోర్స్ లింక్ ఇచ్చాను. ఇంకా తప్పేంటి?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. సోర్స్ ఇవ్వడం వేరు, పర్మిషన్ ఉండటం వేరు. మూలం ఇస్తే ఆ సమాచారం ఎక్కణ్ణుంచి వచ్చిందో చదివేవాళ్లకి తెలుస్తుంది, అంతవరకే, ఆ వాక్యాలు వాడుకునే హక్కు మాత్రం దాంతో రాదు. "సౌజన్యం ఫలానా పత్రిక" అని పెట్టినా అంతే, "హక్కులన్నీ వారివే" అని రాసినా అంతే. పేజీ కింద కాపీరైట్ గుర్తు ఎక్కడా లేదు కదా అంటారు కొందరు. గుర్తు ఉండక్కర్లేదు, ఎక్కడా రిజిస్టర్ చేయించక్కర్లేదు, రాసిన మరుక్షణం నుంచి రాసినవాళ్లకి హక్కు ఉంటుంది, ఎవరో ఫేస్‌బుక్‌లో రాసుకున్న నాలుగు పేరాల పోస్టుకి కూడా.

మరి అన్నీ ఎక్కడో చోట చదివి రాసేవే కదా, అసలేం తీసుకోవచ్చు?

విషయం తీసుకోవచ్చు, వాక్యం తీసుకోకూడదు. ఒకాయన ఫలానా ఊళ్లో ఫలానా సంవత్సరం పుట్టాడు, ఫలానా పదవి చేశాడు, ఆ డ్యామ్ ఎత్తు ఇంత, ఈ మండలంలో జనాభా ఇంత, ఇవి ఎవరి సొత్తూ కావు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదు, దాన్ని చెప్పిన తీరు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. మన వికీలో వేల ఊళ్ల పేజీల్లో 2011 జనాభా లెక్కల అంకెలు ఉన్నాయి, వాటికి ఇబ్బంది లేకపోవడానికి కారణం ఇదే, అంకె అంకేగా.

కానీ ఒక జాగ్రత్త ఉంది. ఎవరైనా తన బుర్ర పెట్టి ఏరి, ఒక పద్ధతిలో పేర్చి చేసిన లిస్టు ఉంటుంది చూడండి, "నా లెక్కలో తెలుగులో వంద గొప్ప కథలు" లాంటిది, అందులో ఒక్కో కథ పేరూ ఫ్యాక్టే గానీ ఆ ఎంపిక మొత్తం ఆ మనిషిది. దాన్ని ఉన్నది ఉన్నట్టు దించితే కుదరదు.

"సొంత మాటల్లో రాయండి" అంటారు. ఎంత మార్చితే సొంతం అవుతుంది?

ఇన్ని పదాలు మార్చితే చాలు అనే లెక్క ఏదీ లేదు, అసలు ఆ లెక్క వెతుకుతున్నామంటేనే పాత వాక్యాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నామని. ఉదాహరణకి ఒక పత్రికలో ఇలా ఉందనుకోండి (వాక్యం నేను అల్లిందే):

"గోదారి జిల్లాల కరువు కన్నీళ్లు తుడిచిన అపర భగీరథుడు కాటన్ దొర, 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పనులకి శ్రీకారం చుట్టి, అయిదేళ్లు అహోరాత్రులు శ్రమించి 1852 నాటికి ఆ మహాయజ్ఞాన్ని పూర్తి చేశాడు."

దీన్ని చాలామంది ఇలా మారుస్తారు:

"గోదావరి ప్రాంతపు కరువు బాధలు తీర్చిన ఆధునిక భగీరథుడు కాటన్, 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట నిర్మాణం ప్రారంభించి, ఐదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి 1852కి ఆ మహత్కార్యాన్ని ముగించాడు."

పదాలు చాలావరకు మారాయి, అయినా ఇది కాపీయే. వాక్యం నడక అదే, ముందు పొగడ్త తర్వాత సంవత్సరం తర్వాత కష్టం తర్వాత ముగింపు, ఆ వరస కూడా అదే, భగీరథుడి పోలిక కూడా అవతలివాళ్లదే. అందులో నిజంగా మనకి కావాల్సింది ఎంత? "ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852కి పూర్తయ్యాయి. వాటిని నడిపించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్." అంతే. ఇలా రాస్తే కాపీరైట్ గొడవా ఉండదు, విజ్ఞాన సర్వస్వానికి కావాల్సిన టోన్ కూడా దానంతటదే వచ్చేస్తుంది. తెలుగు పత్రికల భాషలో విశేషణాలు బాగా ఎక్కువ, వాటిని వదిలేసి చూస్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

పద్ధతి ఏంటంటే, ఒకే ఆర్టికల్ పట్టుకుని కూర్చోకుండా రెండు మూడు చోట్ల చదవండి, పేర్లూ తేదీలూ జరిగినవీ ముక్కలుగా ఒక కాగితం మీద నోట్ చేసుకోండి, ఆ ట్యాబులన్నీ మూసేసి నోట్స్ చూసి రాయండి, రాశాక మళ్లీ తెరిచి అంకెలు సరిపోయాయా, వాక్యాలు ఎక్కడైనా అలాగే దిగిపోయాయా చూసుకోండి. టైమ్ పడుతుంది, నిజమే, కానీ ఇలా రాసిన పేజీ కాపీ అన్న కారణంతో ఎగిరిపోదు.

వికీపీడియా ఫ్రీ కదా, ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోదు, దీనివల్ల ఎవరికి నష్టం?

వికీపీడియా డబ్బులు తీసుకోదు గానీ, అక్కడ ఉన్నదాన్ని ఎవరైనా తీసుకుని అమ్ముకోవచ్చు కూడా. మీరు "ప్రచురించు" నొక్కిన ప్రతిసారీ మీ రాతని క్రియేటివ్ కామన్స్ (సీసీ) బై-ఎస్ఏ 4.0 లైసెన్స్ కింద ఇస్తున్నామని ఒప్పుకుంటున్నారు, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పుస్తకం వేసి అమ్మొచ్చు, పేరు చెప్పి అదే లైసెన్స్ కింద ఇస్తే చాలు. ఇప్పుడు ఒక రచయిత పేరాలు మీరు తెచ్చి పెట్టారనుకోండి, మీది కాని దాన్ని ప్రపంచం మొత్తానికి రాసిచ్చేసినట్టే. ఏదో చిన్న పబ్లిషర్ ఆ పేజీని నమ్మి పిల్లల పుస్తకంలో వేస్తే రేపు నోటీసు వెళ్లేది అతనికి. అతను చేసిన తప్పేమీ లేదు, వికీ మాట నమ్మాడు. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే.

చట్టం ప్రకారం శిక్ష ఉందా అంటే ఉంది, తెలిసి చేస్తే సెక్షన్ 63 కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా అని ఉంటుంది.

నా బ్లాగులో నేను రాసుకున్నదే. అది కూడా పెట్టకూడదా?

పెట్టొచ్చు, మీ హక్కు మీదే. కానీ చూసే నిర్వాహకులకి (పేజీలు తీసేసే అధికారం ఉన్న వాలంటీర్లు) ఆ బ్లాగు మీదేనని ఎలా తెలుస్తుంది? అందుకని ముందు బ్లాగులోనే, ఆ పోస్టు కిందో సైడ్‌లోనో "ఇది సీసీ బై-ఎస్ఏ 4.0 కింద ఇస్తున్నా" అని ఒక లైన్ పెట్టండి, తర్వాత వికీలో పెట్టి, ప్రచురించేటప్పుడు నింపే దిద్దుబాటు సారాంశంలో ఆ లింక్ ఇవ్వండి. ఉద్యోగంలో భాగంగా రాసినవైతే వేరే సంగతి, వాటి హక్కు మామూలుగా సంస్థకి పోతుంది, మీ ఒప్పందంలో ఏముందో చూసుకోవాలి. ఇంకోటి, బ్లాగులో బాగున్న రాత వికీలో బాగుండకపోవచ్చు, "నేను అనుకోవడం" లాంటివన్నీ తీసెయ్యాల్సి వస్తుంది, ఆ ఓపిక ఉంటేనే తెచ్చి పెట్టండి.

రచయిత గారికి ఫోన్ చేశా, "నిరభ్యంతరంగా వాడుకో నాయనా" అన్నారు. చాలదా?

ఆయన మంచి మనసుకి దండం పెట్టాలి, కానీ చాలదు. ఆయన సరే అన్నది వికీపీడియాలో పెట్టడానికే, మనకి కావాల్సింది ఎవరైనా, వ్యాపారానికి కూడా, మార్చుకుని కూడా వాడుకునే అనుమతి, పైగా అది ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోలేనిది. ఈ సంగతి ఆయనకి పూర్తిగా విడమరిచి చెప్పండి, దాచిపెట్టి సంతకం చేయించడం మాత్రం వద్దు. అన్నీ తెలిసి ఒప్పుకుంటే ఆయన సొంత ఈమెయిల్ నుంచి వికీమీడియా వీఆర్‌టీ టీమ్‌కి (ఇలాంటి అనుమతి మెయిళ్లు చూసే వాలంటీర్లు) మెయిల్ పంపాలి, ఏం రాయాలో నమూనా కామన్స్‌లో (వికీల ఫొటోలు, ఫైళ్లు అన్నీ ఉండే సైట్) ఉంటుంది. హక్కులు పబ్లిషర్‌కి రాసిచ్చేశారేమో కూడా అడగండి, పాత రోజుల్లో చాలామంది కొంచెం డబ్బుకే మొత్తం హక్కులు ఇచ్చేశారు.

ఇలా అడిగితే ఎవరిస్తారులే అనుకోకండి. గోవా యూనివర్సిటీ తన కొంకణి విశ్వకోశాన్ని క్రియేటివ్ కామన్స్ కింద ఇచ్చేసింది, కొంకణి వికీకి అదెంత బలమో ఆలోచించండి. మన దగ్గర కూడా సంస్థల్ని మర్యాదగా, ఓపిగ్గా అడగాలి.

పాత పుస్తకాల సంగతేంటి? ఎన్నాళ్లకి హక్కు పోతుంది?

రచయిత బతికున్నన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లు. ఆ 60 లెక్క చనిపోయిన తర్వాతి సంవత్సరం జనవరి 1 నుంచి మొదలవుతుంది. మొదట్లో ఇది 50 ఏళ్లే, 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల హక్కులు అయిపోయే టైమ్‌కి సరిగ్గా, 1992 సవరణతో 60 చేశారు.

మనవాళ్లతో చెప్పుకుంటే తేలిక. గురజాడ 1915లో పోయారు, కందుకూరి వీరేశలింగం 1919లో, గిడుగు రామమూర్తి 1940లో, వీళ్లవి ఎప్పుడో అందరివీ అయిపోయాయి. తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలని మనందరికంటే ముందు తపించిన కొమర్రాజు లక్ష్మణరావు గారు 1923లో పోయారు, ఆయన రాసినవి హాయిగా తీసుకోవచ్చు. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1946లో పోయారు, 2007 జనవరి 1 నుంచి ఫ్రీ. ఇక జాషువా 1971, అంటే 2031 చివరిదాకా ఆగాలి. విశ్వనాథ సత్యనారాయణ 1976, అంటే 2036 చివరిదాకా. చలం 1979, శ్రీశ్రీ 1983, వీళ్లవి ఇంకా చాలా ఏళ్లుంది, ఎంత ఇష్టమైనా మొత్తం కవిత తెచ్చి పెట్టకూడదు.

కొన్ని మెలికలు ఉన్నాయి. ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయినవాళ్ల నుంచి లెక్క. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకి అచ్చయిన సంవత్సరం నుంచి 60. ఎవరు రాశారో తెలియనిదానికీ అచ్చయిన దగ్గర్నుంచే. పుస్తకం పాతదే కానీ ముందుమాట కొత్తదైతే ముందుమాటకి విడిగా హక్కు ఉంటుంది.

అమెరికా లెక్క ఇక్కడే తగులుతుంది. కామన్స్‌లో పెట్టాలంటే ఆ రచన మొదట అచ్చయిన దేశంలోనూ అమెరికాలోనూ రెండుచోట్లా ఫ్రీ అయ్యుండాలి. సురవరం ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, ఇండియాలో 2014 నుంచి ఫ్రీ, కానీ ఆయన 1949 నాటి పుస్తకానికి అమెరికాలో అచ్చయిన దగ్గర్నుంచి 95 ఏళ్లు నడుస్తుంది. ఇలాంటి పుస్తకం స్కాన్ చేసి ఎక్కించే ముందు వికీసోర్స్ (పుస్తకాల పూర్తి పాఠం పెట్టే వికీ) రచ్చబండలో ఒక మాట అడగడం మంచిది.

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పీడీఎఫ్ ఉంది, అంటే ఫ్రీయేగా?

కాదు. ఎవరో ఎక్కించారంతే. లోపలి పేజీలో ఎవరు రాశారో, ఏ సంవత్సరమో చూసి పైన చెప్పిన లెక్క వేసుకోండి. చదువుకుని విషయం తీసుకుని మూలంగా చూపించడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

అన్నమయ్య కీర్తనలు, పోతన పద్యాలు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, వాటికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, వికీసోర్స్‌లో అయితే ఇంకా బాగుంటుంది. కానీ పద్యం కింద ఉన్న తాత్పర్యం ఎవరిదో చూడండి, పద్యం పోతనదే గానీ తాత్పర్యం ఈ మధ్య రాసిన పండితుడిదైతే అది ఆయనది. అలాగే కీర్తన అన్నమయ్యదైనా దానికి బాణీ కట్టినవాళ్లకి బాణీ మీద, రికార్డింగ్ చేసినవాళ్లకి రికార్డింగ్ మీద విడి హక్కులుంటాయి, క్యాసెట్ నుంచి ఆడియో ఎక్కించకూడదు. మీరే ఒక పద్యం చదివి రికార్డు చేసి పెట్టండి, చాలా మంచి పని.

సినిమా పాటల లిరిక్స్? రాష్ట్ర గీతం అయితే అందరిదీ కదా?

సినిమా పాట లిరిక్స్ మొత్తం పెట్టకూడదు, పల్లవి మొదటి లైన్ పేరుగా రాయడం, రాసిందెవరు పాడిందెవరు అని టేబుల్ పెట్టడం వరకే. రాష్ట్ర గీతం మీద కూడా చాలామందికి అపోహ ఉంది. "మా తెలుగు తల్లికి" రాసిన శంకరంబాడి సుందరాచారి గారు 1977లో పోయారు, అంటే మామూలు లెక్కలో 2037 చివరిదాకా హక్కు ఉన్నట్టే. గవర్నమెంట్ పాడించినంత మాత్రాన లైసెన్స్ మారదు.

సినిమా కథ రాయొచ్చా? పోస్టర్ పెట్టొచ్చా?

కథ మీరు చూసి మీ మాటల్లో క్లుప్తంగా రాయండి, రివ్యూ సైట్ల నుంచి తేవద్దు. డైలాగులతో సహా సీన్ బై సీన్ కూడా వద్దు. పోస్టర్, పుస్తకం కవర్, కంపెనీ లోగో లాంటివి కామన్స్‌లో అస్సలు ఎక్కించకండి, అక్కడ సముచిత వినియోగం (ఫెయిర్ యూజ్, అంటే అనుమతి లేకుండానే అవసరమైనంత మేరకు వాడుకోవడం) ఒప్పుకోరు. తెలుగు వికీలోనే లోకల్‌గా, చిన్న సైజులో, ఎందుకు అవసరమో కారణం రాసి, ఆ సినిమా పేజీలో మాత్రమే వాడాలి.

గూగుల్‌లో ఫొటో దొరికింది, వాడేస్తే?

వద్దు. గూగుల్ వెతికి చూపిస్తుంది అంతే, ఫొటో దానిది కాదు. లైసెన్స్ స్పష్టంగా రాసి ఉంటేనే తీసుకోండి, అందులోనూ సీసీ బై, బై-ఎస్ఏ, సీసీ జీరో పనికొస్తాయి, "ఎన్‌సీ" అనిగానీ "ఎన్‌డీ" అనిగానీ ఉంటే పనికిరావు, మొదటిదంటే వ్యాపారానికి వాడొద్దని, రెండోదంటే మార్చొద్దని.

అయితే మా ఎమ్మెల్యేదో, హీరోయిన్‌దో ఫొటో ఎలా సంపాదించాలి?

బతికున్న మనిషి అయితే ఫొటో తీసే వీలుంటుంది కాబట్టి సముచిత వినియోగం అనలేం. సభలకి, బుక్ ఫెయిర్లకి వెళ్లినప్పుడు మీరే ఒకటి తీయండి, మొబైల్ ఫొటో అయినా పర్లేదు, కాస్త మసగ్గా ఉన్నా సొంతది సొంతదే. వాళ్ల ఆఫీసుని అడిగితే ఇస్తారు కానీ, ఫొటోలో ఉన్న మనిషికి కాకుండా తీసినవాళ్లకి హక్కు ఉండే సందర్భాలే ఎక్కువ, కాబట్టి ఎవరు తీశారో అడిగి, వాళ్ల చేత మెయిల్ పంపించాలి. యూట్యూబ్‌లో కొన్ని ఇంటర్వ్యూలు క్రియేటివ్ కామన్స్ కింద పెడతారు, వీడియో కింద వివరాల్లో అలా రాసి ఉంటే, అది ఆ ఛానల్ సొంతంగా తీసిందే అయితే, అందులోంచి స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు.

తాతగారు స్వాతంత్ర్య సమరయోధుడు. ఇంట్లో స్టూడియో ఫొటో ఉంది. ఎక్కించొచ్చా?

ఇలాంటివి వికీకి చాలా విలువైనవి, దయచేసి వదిలెయ్యకండి. ఇండియా చట్టంలో ఒక మంచి వెసులుబాటు ఉంది, డబ్బులిచ్చి స్టూడియోలో తీయించుకున్న ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే, సెక్షన్ 17లో ఉంది. అంటే తాతగారి డబ్బుతో ఆయన తీయించుకుంటే ఆ హక్కు వారసులకి వస్తుంది, మీరందరూ కలిసి లైసెన్స్ ఇవ్వొచ్చు. ఎక్కించేటప్పుడు "సొంత పని" అని మాత్రం టిక్ పెట్టకండి, స్కాన్ చేసినంత మాత్రాన మన పని అవదు. ఎప్పుడు ఎక్కడ తీసింది, మీ దగ్గరికి ఎలా వచ్చింది, అన్నీ తెలిసినంత వరకు రాయండి.

విగ్రహాలు, గుళ్లు, బిల్డింగులు ఫొటో తీసి పెట్టొచ్చా?

ఇండియాలో బిల్డింగులు పర్లేదు, పబ్లిక్ ప్లేస్‌లో పర్మనెంట్‌గా ఉన్న విగ్రహాలు కూడా పర్లేదు, సెక్షన్ 52 ఒప్పుకుంటుంది. ట్యాంక్‌బండ్ మీద విగ్రహాలు, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడు, చౌరస్తాలో విగ్రహం, అన్నీ తీసుకోండి. కానీ గోడ మీద ఇప్పటి ఆర్టిస్ట్ వేసిన పెయింటింగ్‌కి ఈ మినహాయింపు వర్తించదు. లేపాక్షి కప్పు మీద బొమ్మలంటారా, అవి విజయనగర కాలంవి, కాపీరైట్ ప్రశ్నే లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు గమనించాల్సింది ఏంటంటే అక్కడ బిల్డింగులకే ఈ వీలుంది, విగ్రహాలకి లేదు. కొత్తగా పెట్టిన విగ్రహం ఫొటో కామన్స్‌లో పెడితే తీసేస్తారు.

గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఉన్నది మన పన్నులతోనే కదా?

అయినా ఇండియాలో గవర్నమెంట్ రచనలకీ 60 ఏళ్ల కాపీరైట్ ఉంది. గెజిట్‌లో వచ్చినవి, కోర్టు తీర్పులు లాంటి కొన్నిటిని మళ్లీ ప్రచురించడం తప్పు కాదని చట్టమే చెప్తుంది, టూరిజం సైట్‌లో గుడి గురించి రాసిన పేరాలు ఆ కోవలోకి రావు. నాసా ఫొటోలు ఎలా పెడుతున్నారంటే, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం చేసినవాటికి అక్కడ కాపీరైట్ ఉండదు, ఆ సూత్రం ఇక్కడ లేదు.

ఇంగ్లీషు వికీ నుంచి అనువాదం చేస్తే కాపీ అవుతుందా?

అవదు, అదే లైసెన్స్ కాబట్టి చెయ్యొచ్చు, కానీ అక్కడ రాసినవాళ్లకి క్రెడిట్ ఇవ్వాలి. దిద్దుబాటు సారాంశంలో "ఇంగ్లీషు వికీ ఫలానా వ్యాసం నుంచి అనువాదం" అని లింక్ పెడితే చాలు, అనువాద పరికరం వాడితే అదే పెట్టేస్తుంది. వేరే ఇంగ్లీషు పుస్తకాన్నో వెబ్‌సైట్‌నో వాక్యం వాక్యం తెలుగు చెయ్యడం మాత్రం తప్పే, అనువాద హక్కు కూడా రచయితదే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసినా, ఏఐ చేత తిరగరాయించినా కింద ఉన్నది అవతలివాళ్ల రాతే, పైగా అసలు లేనే లేని పుస్తకాల్ని కూడా ఏఐ మూలాలుగా చూపిస్తుంది.

కొటేషన్ ఎంతవరకు పెట్టొచ్చు?

పదాల లెక్క చట్టంలో లేదు. ఒక కవి శైలి గురించి మాట్లాడుతూ రెండు పాదాలు కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఎక్కడివో చెప్తే ఎవరూ కాదనరు. పేజీలో సగం కొటేషన్లే ఉంటే అది కొటేషన్ కాదు.

వేరేవాళ్లు కాపీ చేసినట్టు కనిపిస్తే ఏం చెయ్యాలి?

ముందు ఎవరు ఎవర్ని కాపీ చేశారో తేల్చండి, ఎందుకంటే బోలెడు సైట్లు వికీనే ఎత్తుకుపోతాయి. పేజీ చరిత్రలో ఆ పేరా ఎప్పుడు వచ్చిందో, ఆ సైట్‌లో తేదీ ఎంతో చూడండి. ఎర్విగ్ కాపీవయో డిటెక్టర్ అనే టూల్ పోల్చి చూపిస్తుంది, కానీ పేపర్ స్కాన్‌లనీ పుస్తకాలనీ అది పట్టుకోలేదు, కాబట్టి శైలి ఒక్కసారిగా మారిన పేరాలని మీ కళ్లతోనే పట్టుకోవాలి. నిజంగా కాపీ అయితే ఆ భాగం తీసేసి, మూలం ఏదో చర్చ పేజీలో రాసి, నిర్వాహకులకి చెప్పండి, పేజీ పాత కూర్పుల్లో (పాత వెర్షన్లలో) కూడా అది కనిపించకుండా వాళ్లు దాచేస్తారు. రాసిన మనిషికి మర్యాదగా చెప్పండి, చాలామందికి నిజంగానే తెలియదు, "దొంగ" అనే మాట ఎక్కడా వాడకండి.

నా పేజీకే కాపీరైట్ మూస (హెచ్చరిక పెట్టె) పెట్టారు. ఇప్పుడు?

మూస తీసెయ్యకండి, గొడవ పడకండి. చర్చ పేజీలో ఏ భాగం గురించో అడగండి, ప్రయోగశాలలో (రాసి చూసుకోవడానికి ఉండే మీ పేజీ) ఖాళీ పేజీ తెరిచి నోట్స్ నుంచి కొత్తగా రాయండి. పాత పేరాని ప్రయోగశాలలో పెట్టుకుని దిద్దుదామంటే కుదరదు, ప్రయోగశాల కూడా అందరికీ కనిపించే పేజీయే. కొత్తది సిద్ధమయ్యాక నిర్వాహకులకి చూపిస్తే దాన్ని ఉంచేస్తారు, మీ ఖాతాకి ఏమీ అవదు. చెప్పినా మళ్లీ మళ్లీ అదే చేస్తేనే నిరోధం (ఖాతా నుంచి రాయకుండా ఆపెయ్యడం) దాకా వెళ్తుంది.

నేను వికీలో రాసిందాన్ని ఎవరో పుస్తకంలో పేరు లేకుండా వేసుకున్నారు. నేనేం చెయ్యగలను?

వికీలో రాసినా కాపీరైట్ మీదే, మీరిచ్చింది లైసెన్స్ మాత్రమే. వాడుకోవడం, అమ్ముకోవడం తప్పు కాదు, వికీపీడియా వ్యాసం లింకూ లైసెన్స్ పేరూ ఇవ్వకపోవడమే తప్పు. వాళ్లకి ఒక మెయిల్ రాయండి, పేజీ చరిత్రలో మీ దిద్దుబాటు ఉన్న కూర్పు లింక్ జత చేసి, తర్వాతి ముద్రణలో ఈ రెండూ వెయ్యమని అడగండి, ఆన్‌లైన్ అయితే వెంటనే పెట్టమని అడగండి. వినకపోతే లీగల్ నోటీసు ఇవ్వాల్సింది మీరే, ఎందుకంటే హక్కుదారు మీరు, వికీమీడియా ఫౌండేషన్ కాదు.